మూటలతో వచ్చిన శ్రోతలు

ఖమ్మంలో నా గొంతు తెలియనివాళ్లు తక్కువ. నా ముఖం తెలిసినవాళ్లు అంతకంటే తక్కువ. ఆటో మీద రెండు మైకు గొట్టాలు కట్టుకొని వీధి వీధీ తిరిగే ప్రకటనల్లో సగం నేను చదివినవే. ఆషాఢం చీరల తగ్గింపు, మిర్చి యార్డుకు మూడు రోజుల సెలవు, కోచింగ్ కాలేజీ ర్యాంకులు, కంటి ఆపరేషన్ల శిబిరం, రేపు నల్లా నీళ్లు బందు. కూరగాయల బండి దగ్గర నేను బేరమాడుతుంటే బండి అమ్మ చెవి రిక్కించి, "నీ గొంతు యాడనో ఇన్న సారూ" అంటుంది. "రేపు నీళ్లు రావమ్మా" అని చదివి చూపిస్తే వెంటనే గుర్తుపడుతుంది. ధర మాత్రం పైసా దిగదు.

ఇవికాక వానాకాలపు పని ఒకటుంది. గోదావరి పెరిగినప్పుడు భద్రాచలం చుట్టుపక్కల లోతట్టు ఊళ్లలో తిరిగే ఆటోలకు హెచ్చరిక చదివి పంపేదీ నేనే. ఏళ్లుగా అదే గొంతు, అవే మాటలు. ఈ సంగతిని ఇక్కడ ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తున్నాను. ఆ ఏడు నేనూ అలాగే వదిలేశాను. కథంతా అక్కడే ఉంది.

నా రికార్డింగ్ గది మేడ మీద ఉంటుంది. గోడలకు పాత బొంతలు కొట్టి, బొంతల వెనక జిన్నింగ్ మిల్లులో మిగిలిపోయిన పత్తి కూరాను. వీధిలో హారన్లు లోపలికి రావు, లోపలి ఉక్క బయటికి పోదు. ఫ్యాన్ వేస్తే మైకులో చప్పుడు, వేయకపోతే మైకు మీద చెమట. కొన్నేళ్ల కింద ఆ గదిని వెతుక్కుంటూ ఇద్దరు వచ్చారు. ఒకతను కోచింగ్ కాలేజీలో అడ్మిషన్ల గుమాస్తా, చంకలో లాప్‌టాప్. రెండో ఆమె బస్సు కండక్టరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన ఇంకా టికెట్ మిషను సంచి ఉంది.

"అంకుల్, ర్యాప్ రికార్డ్ జేసుకోవాలె. గది కిరాయికిస్తరా?" అన్నాడు గుమాస్తా.

అప్పటికి నాకు తెలిసిన ర్యాపర్ బిస్కెట్ పొట్లానికి ఉండేది ఒక్కటే. ఆ మాటే అంటే వాడు నవ్వలేదు. వాడికి నవ్వడానికి టైమ్ పడుతుందని తర్వాత తెలిసింది. కండక్టరు మాత్రం నవ్వి, "అది ఇప్పి పారేసేది అన్నా. మేం ఇప్పి జెప్పేటోళ్లం" అంది. వాడు అంకుల్ అన్నాడు, ఆమె అన్నా అంది. గది ఇచ్చేశాను.

ఆమె మైకు ముందు నిలబడ్డ తీరు నేనింకా మరిచిపోలేదు. ముప్ఫై ఏళ్లుగా మైకుతోనే బతుకుతున్నా, దానికి ఎంత దూరంలో నిలబడాలో నేను ఇప్పటికీ జానతో కొలుచుకుంటాను. ఆమె రద్దీ బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడ్డట్టు ఒక కాలు ముందుకు వేసి, అక్కడ లేని కడ్డీకి నడుము ఆనించినట్టు వంగి మొదలుపెట్టింది.

ఆధార్ల మొఖం నీదేనా అక్కా?
ఆరేండ్ల కింద నాదే చెల్లే!
ఎండకు కొంత, కల్లానికి కొంత,
ఏరిన మిర్చికి మిగిలినదింత.
జీరో టికెట్ కొట్టిన గాని
జీరో గాదు నీ జీవితమంట!

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కార్డు చూసి సున్నా టికెట్ కొట్టడం ఆమె రోజువారీ పని. కార్డు మీది ఫొటోకూ ఎదురుగా ఉన్న మనిషికీ మధ్య పోయిన కాలాన్ని ఆమె అంత దగ్గర నుంచి చూస్తోంది. నేను అదే బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో, కిటికీ సీటు దొరికిందా లేదా అన్నదే చూశాను. ఆరు వరసలూ ఒక్క ఊపిరిలో చెప్పి, "మంచిగొచ్చిందా?" అని అడిగింది. నేను మిషను ఆన్ చేయడం మరిచిపోయాను. "ఇంకోసారి చెప్పు చెల్లె, గొంతు సరిచూసుకుంటున్నా" అని బొంకాను. బొంతల వెనక పత్తి ఉంది కాబట్టి సరిపోయింది, నా గుండె చప్పుడు బయటికి వినపడలేదు.

అలా వాళ్ల వెంట పడ్డాను. ఆదివారం యార్డు మూసి ఉంటుంది. ఖాళీ షెడ్డు కింద పది పన్నెండు మంది గుండ్రంగా నిలబడేవాళ్లు. యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒకతను, నర్సింగ్ చదివే అమ్మాయిలిద్దరు, బోనకల్ నుంచి రైలెక్కి వచ్చే కౌలు రైతు ఒకతను, ఇంకా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. ఒకరు నాలుగు వరసలు చెప్పి ఆపగానే పక్కవాళ్లు ఆ ఆఖరి మాట అందుకొని మొదలుపెట్టాలి. తడబడితే నవ్వకూడదు. మిర్చి సీజన్లో ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. దగ్గు ఆగదు కాబట్టి, దగ్గితే తాళంలో దగ్గాలి. గుమాస్తా దగ్గర ఒక పాట ఉంది, అందులో దరువంతా హమాలీ దగ్గే. నేను రికార్డు చేసినవాటిలో నాకు బాగా నచ్చినది అదే. నా చీరల తగ్గింపు దాని ముందు వెలవెలబోయింది.

ఏడాదికి రెండు మూడుసార్లు కాలనీ ఫంక్షన్ హాలు తీసుకొని పెద్ద కార్యక్రమం పెట్టేవాళ్లు. ఒక మూల రక్తదానం, ఒక మూల పాత పుస్తకాలు, గోడ మీద రంగులు, మధ్యలో పాట, డాన్సు. నేల గరుకని మొదటిసారి మిర్చి ఆరబోసే పట్టాలు తెచ్చి పరిచారు. చేతుల మీద తలకిందులుగా గిర్రున తిరిగిన కుర్రాడు లేచి దండం పెట్టి, చెమట పట్టిందని అవే చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వాడు చేసిన డాన్సుకు వచ్చినన్ని చప్పట్లు అసలు డాన్సుకు రాలేదు.

కండక్టరుది భద్రాచలం వంతెన దాటి ఏటి ఒడ్డునే పైకి పోతే, అడవి మొదలయ్యే చోట ఉన్న కోయ గూడెం. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త పెంచింది. ఆ మేనత్త గూడేనికి పాట ఎత్తే మనిషి. అక్కడ ఆడవాళ్లు చేతులు పెనవేసుకొని వరసగా నిలబడతారు. ఒకరు పాట ఎత్తితే వరసంతా అందుకుంటుంది. మన యార్డులో ఆఖరి మాట అందుకోవడమనే నియమం పెట్టింది కండక్టరే. అది ఎక్కడి నుంచి తెచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

ఆమె ఫోన్లో తన పాట వినిపించినప్పుడు అత్త చివరిదాకా విని చెప్పిందట. "మంచిగనే ఉన్నది బిడ్డా. గని నీ ఎనక ఎవ్వలు అందుకుంటలేరు. ఎవ్వలు అందుకోని దాన్ని మనం పాట అనం గద."

ఈ మాట నాకు చెప్పేటప్పుడు కండక్టరు నవ్వుతూనే చెప్పింది. చెప్పి, టికెట్ మిషను సంచి జిప్పు మూడు నాలుగుసార్లు తీసి మూసింది.

"ఖమ్మంల హాలు నిండితే ఏంది అన్నా, ఫోన్ల ఎన్ని వేలమంది జూస్తే ఏంది. మా ఊళ్లె మైకు పెట్టి పాడాలె. మా అత్త ఒక్కసారి అందుకోవాలె. గంతే."

"అందుకోకపోతే?"

"అందుకోకపోతే మళ్ల మా ఊళ్లె పాడ. ఖమ్మంల పాడుకుంట, ఇంటికాడ కండక్టర్‌నే అయిత."

అందుకే ఆ వానాకాలం కార్యక్రమాన్ని గూడెం పక్క ఊరి హైస్కూలు ఆవరణలో పెట్టాలని అనుకున్నారు. హైస్కూలు మెరక మీద ఉంటుంది, వరండాలు పెద్దవి, వాన వచ్చినా తల దాచుకోవచ్చు. సర్పంచి సరేనన్నాడు. వచ్చినవాళ్లకు పులిహోర పెడదామన్నారు. ఇక మిగిలింది చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు చాటడం.

"అన్నా, ఊళ్లల్ల తిరిగే ప్రకటన నేను జెప్తనే. మా భాషల జెప్తే మావోళ్లకు మంచిగుంటది" అంది కండక్టరు.

"చెల్లె, నీకు డ్యూటీ ఉంది, పాట ఉంది. ఇది నాకు వదిలెయ్. ముప్ఫై ఏండ్ల అనుభవం ఊకెనే పోతదా?" అన్నాను.

"సరే అన్నా" అంది. ఆ సరేని ఆమె కొంచెం సాగదీసింది. సాగదీసిన సరేకు అర్థం వేరే ఉంటుందని పెళ్లయిన మగవాణ్ని, నాకు తెలియాల్సింది.

కూర్చొని శ్రద్ధగా రాశాను. ఇంత పెద్ద కళకు ప్రకటన కూడా పెద్ద మాటల్లో ఉండాలనిపించింది. "గ్రామ ప్రజలందరికీ ముఖ్య గమనిక. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ప్రజలందరూ కుటుంబ సభ్యులతో సహా హైస్కూలు ఆవరణకు తరలి రావలసిందిగా కోరుచున్నాము. వృద్ధులకు, మహిళలకు ప్రత్యేక ఏర్పాట్లు కలవు. భోజన వసతి కలదు. అశ్రద్ధ చేయరాదు. హిప్‌హాప్ సాంస్కృతిక సమ్మేళనాన్ని జయప్రదం చేయగలరు." చదివి వింటే నాకే ఒళ్లు పులకరించింది. భద్రాచలంలో ఆటో నడిపే డ్రైవరుకు పంపాను.

శనివారం సాయంత్రం డ్రైవరు ఫోన్ చేశాడు. "సార్, మీ గొంతుకు మస్తు రెస్పాన్స్! ఆటో సప్పుడు ఇనంగనే జనం ఇండ్లల్లకెల్లి ఉరికొస్తుండ్రు. ఇయ్యాల్నే పోవాల్నా రేపు పోవాల్నా అని అడుగుతుండ్రు."

"చూసినవా, కళంటే జనానికి ఎంత ఆకలుందో" అని ఇంట్లో చెప్పాను. నా భార్య చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే "అవ్" అంది.

ఆదివారం పొద్దున మైకు డబ్బాలూ తీగలూ ట్రాలీ ఆటోలో వేసుకొని బయలుదేరాం. కొత్తగూడెం దాటాక ముసురు పట్టింది. భద్రాచలం వంతెన మీద జనం ఆగి ఏరు చూస్తున్నారు. గోదావరి ఎర్రగా, ఒడ్డుకూ ఒడ్డుకూ నిండి, చెట్ల మొద్దుల్ని దొర్లించుకుంటూ పోతోంది. మొదటి హెచ్చరిక మట్టానికి ఇంకా చాలా దూరముందని వంతెన మీద ఒకాయన అన్నాడు. ఆ మాట కూడా నా చెవిన పడింది. చెవి నాది, బుర్ర మాత్రం నేను చదివిన ప్రకటన దగ్గరే ఉంది.

మూడున్నరకు హైస్కూలు చేరేసరికి ఆవరణ కిక్కిరిసి ఉంది. నాలుగు వరండాలూ నిండి, జనం చెట్ల కింద కూడా నిలబడ్డారు. ఖమ్మం హాల్లో మేం కుర్చీలను దగ్గర దగ్గరగా వేసి నిండినట్టు చూపించుకునేవాళ్లం. ఇక్కడ చీపురుపుల్ల పట్టే సందు లేదు.

"చూసినవా చెల్లె, గొంతంటే గిది" అన్నాను.

కండక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమాస్తా మాత్రం ట్రాలీ మీదే నిలబడి కాసేపు పరికించి, మెల్లగా అన్నాడు. "అంకుల్, ప్రోగ్రామ్‌కు కోళ్లెందుకు తెచ్చిండ్రు?"

అప్పుడు చూశాను. ప్రతివాళ్ల పక్కన ఒక మూట ఉంది. దుప్పట్ల మూటలు, ఎరువు సంచుల మూటలు, చీర కొంగుల్లో కట్టిన మూటలు. కాళ్లు కట్టిన కోళ్లు, గుంజకు కట్టిన మేకలు, బోర్లించిన గిన్నెలు. ఒక ముసలాయన ఒళ్లో ప్రెషర్ కుక్కర్ పెట్టుకొని దాని మూతను రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"సారూ, నీళ్లు యాడిదాక వచ్చినయ్?"

"ఏ నీళ్లు తాతా?"

"అరె, నువ్వే గద మైకుల సెప్పింది!"

ఆ గొంతు ఆ ఊళ్లకు ఎప్పుడు వచ్చినా గోదావరి దాని వెనకే వచ్చింది. తరలి రమ్మన్నా, భోజన వసతి కలదన్నా, అశ్రద్ధ చేయవద్దన్నా వాళ్లకు ఒకటే అర్థం. వరదొచ్చిన ప్రతిసారీ వాళ్లు చేరేదీ ఈ హైస్కూలుకే. నేను చెప్పిన ప్రతి మాటా వాళ్లకు సరిగ్గానే వినిపించింది. చివరన వచ్చిన హిప్‌హాప్ ఈసారి తుపానుకు పెట్టిన పేరనుకున్నారట.

కండక్టరు నా మీద అరవలేదు. అరిస్తే తేలికయ్యేది. "అన్నా, ప్రకటన ఏమని రాసినవ్? ఒకసారి సదువు" అంది. కాగితం తీసి చదివాను. నేను సగం చదివేసరికి మా పక్కనున్న రెండు కుటుంబాలు మూటలు నెత్తికెత్తుకొని నిలబడ్డాయి.

సంగతి తెలియగానే గోల మొదలైంది. వాళ్లు నాట్లు సగంలో వదిలి వచ్చినవాళ్లు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పిక్కలకు ఇంకా బురదతో ఒకామె ముందుకు వచ్చింది.

"ఆటపాటలకా మమ్ముల ఉరికిచ్చింది? నారు మడిల ఇడిసిపెట్టి వచ్చిన నేను!" అని నన్ను కాదు, కండక్టరును అడిగింది. "ఊరి పిల్లవు. నువ్వన్న సెప్పొద్దా?"

ఇంకెవరో వెనక నుంచి, "బస్సుల టికెట్ కొట్టుకోక మైకులెందుకు నీకు?" అన్నారు.

కండక్టరు వరండా చివరి స్తంభం వైపు చూస్తోంది. అక్కడ ఒక పెద్దావిడ కాళ్లు చాపుకొని స్తంభానికి ఆనుకొని ఉంది. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసి, చుట్ట పీక చెవి మీద పెట్టుకుంది. అడగక్కర్లేకుండానే తెలిసింది, అత్త.

తప్పు నాది కాబట్టి దిద్దవలసింది నేనే అనుకున్నాను. మైకు పుచ్చుకొని క్షమించమని అడగబోయాను. ముప్ఫై ఏళ్ల అలవాటు నాలుక మీద ముందే కూర్చుని ఉంది. "గ్రామ ప్రజలందరికీ ముఖ్య గమనిక" అన్నాను.

మళ్లీ సగం మంది లేచారు. మేకలు అరిచాయి.

"అన్నా, నీకు దండం పెడ్త, నోరు తెరవకు" అని కండక్టరు మైకు లాక్కుంది. నేను నోరు తెరిస్తే నీరు వస్తుందని నమ్మే ఊళ్లో ఇంకేం చేయగలను. పోయి ట్రాలీ వెనక నిలబడ్డాను.

ఆమె ముందు వాళ్ల భాషలో ఏదో చెప్పింది. వరద లేదని, తప్పయిందని చెప్పినట్టు ముఖాలను బట్టి తెలిసింది. తర్వాత గుమాస్తాకు సైగ చేసింది. నెల రోజులు తయారు చేసుకున్న పాట మొదలైంది. వాళ్ల భాషా తెలుగూ కలిపి అల్లింది, ఖమ్మంలో సాధన చేస్తుంటే హమాలీ కళ్లు తుడుచుకున్న పాట. నాలుగు వరసలు చెప్పి, అందుకోమని మైకును జనం వైపు చాచింది.

ఎవరూ అందుకోలేదు. ఒక కోడి కొక్కరించింది.

ఇంకో నాలుగు వరసలు చెప్పి మళ్లీ చాచింది. ఈసారి కోడి కూడా అందుకోలేదు. మూటలు కట్టుకునేవాళ్లు కట్టుకుంటున్నారు, చెప్పులు వెతుక్కునేవాళ్లు వెతుక్కుంటున్నారు. అత్త చాపిన కాళ్లు ముడిచింది, అంతే. కండక్టరు చెయ్యి అలాగే గాల్లో ఉంది. అంత బరువు లేని మైకు అది. ఎత్తిన చెయ్యి దింపడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నేను చూశాను.

గుమాస్తా పాట ఆపేశాడు. ఆమె మైకుతో మెట్లు దిగి, వెళ్లిపోతున్న కుక్కరు తాతకు అడ్డం నిలబడింది. రద్దీ బస్సులో టికెట్ అడిగినట్టే అడిగింది.

"తాతా, మూటల ఏమున్నది?"

"కుక్కరున్నది" అన్నాడు తాత, కోపంగానే.

"కుక్కర్ల ఏమున్నది?"

"బెండకాయ కూరున్నది. సగమే ఉడికింది. మీ మైకు జెయ్యబట్టి పొయ్యి ఆర్పి వచ్చిన!"

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కాలు ఒకటి ముందుకు పడింది.

మూటల ఏమున్నది? కుక్కరున్నది!
కుక్కర్ల ఏమున్నది? కూరున్నది!
సగం కూర పొయ్యి మీద ఉడికింది,
సగం కూర గోదారికి వణికింది!

ముసలాయన నోరు తెరుచుకొని చూశాడు. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆమె పక్కామె దగ్గరికి పోయింది.

"మూటల ఏమున్నది అక్కా?"

"బట్టలు, రేషన్ కార్డు..." అని ఆ మనిషి సిగ్గుపడుతూ చెయ్యి చాపింది. చేతిలో టీవీ రిమోటు ఉంది. హడావుడిలో పట్టుకొచ్చేసిందట.

రిమోటు వచ్చింది, టీవీ ఏది?
ఇంట్ల ఉండి ఈత నేర్చుకుంటది!

ఈసారి నవ్వు కిసుక్కున ఆగలేదు. వరండాలన్నీ తిరిగి వచ్చింది. బురద కాళ్ల ఆమె ఎవరూ అడగకుండానే, "నా మూటల కోడి ఉన్నది, గుడ్డు గంపల్నే మరిచొచ్చిన" అని అరిచింది. ఆమెకూ రెండు వరసలు పడ్డాయి. అప్పటికి ఎవరి మూట వాళ్లే విప్పి చూపిస్తున్నారు. ఒకరు కుట్టుమిషను తల మాత్రం మోసుకొచ్చారు. ఒకాయన కొడుకు పెళ్లి ఆల్బమ్ తెచ్చి, కొడుకును ఇంట్లో నిద్రలో వదిలేసి వచ్చాడు. ప్రతి మూటకూ ఆమె దగ్గర రెండు వరసలు ఉన్నాయి. ముందుగా అనుకొని రాసుకున్నది ఒక్కటీ లేదు. నేను ఒక్క ప్రకటనకు మూడు రోజులు కూర్చుంటాను.

అలా ఒక్కొక్కళ్లను దాటుకుంటూ చివరి స్తంభం దగ్గరికి వచ్చింది. చప్పుడు తగ్గింది. మైకు కిందికి దింపి, మామూలు గొంతుతో అడిగింది.

"అత్తా, నీ మూటల ఏమున్నది?"

అత్త రెండు చేతులూ చాపి తిప్పి చూపించింది. ఖాళీ. చుట్టూ చూశాం, ఆమె పక్కన మూట లేదు, గిన్నె లేదు, కోడి లేదు.

"నాకు మూట ఏంది? గోదారి వచ్చేదైతే మైకు జెప్పాల్నా? పొద్దుగాల్నే పోయి మన వాగు జూసొచ్చిన. నీళ్లు ఇంక ఏట్లకే పోతున్నయ్. ఏటి నీళ్లు ఎనక్కి వాగులకు ఎదురెక్కినప్పుడు గద బయం. నేను పాటకొచ్చిన."

అందరి తలలూ అత్త వైపు తిరిగాయి. తర్వాత కుక్కరు తాత అందుకున్నాడు. "ఓసి నీ యవ్వ! నీకు ఎరికుంటే మాకెందుకు జెప్పలే?"

"జెప్తే వస్తురా మీరు?" అంది అత్త. "ఎప్పుడన్న వచ్చిండ్రా? పిల్ల అంత దూరంకెల్లి డబ్బాలు మోసుకొస్తున్నది. ఉత్త బెంచీలకు పాడాల్నా?"

ఆ నవ్వు నాలుగు ఊళ్లకు వినపడి ఉంటుంది. బురద కాళ్ల ఆమె తాత వీపు మీద ఒకటి చరిచింది. కండక్టరు నవ్వలేకపోయింది. మైకు పట్టుకున్న చేతి వెనకతో ముఖం తుడుచుకుంటోంది.

అత్త చెవి మీది చుట్ట పీక తీసి కొంగున ముడేసింది. స్తంభం పట్టుకొని లేచింది. మైకు అందివ్వబోతే వద్దని తోసేసింది. "మూటల ఏమున్నది" అన్న ఆ ఒక్క మాటనే తీసుకొని, వాళ్ల భాషలోకి మార్చి, కండక్టరు పరిగెత్తించిన మాటను నడిపించింది. అంత నెమ్మదిగా నడవగల మాట అని అందాకా నాకు తెలియదు. మొదటిసారి ఒక్కతే అంది. రెండోసారి బురద కాళ్ల ఆమె వచ్చి చేతిలో చెయ్యి వేసింది. నాలుగోసారికి వరస కట్టారు, వరసంతా అందుకుంది. వరసలో కండక్టరు ఎటు చివర నిలబడాలో తెలియక తికమకపడుతుంటే అత్త రెక్క పట్టి తన పక్కకు లాక్కుంది.

గుమాస్తా ఆ నడకకు సరిపడే దరువు కోసం లాప్‌టాప్‌లో వెతికీ వెతికీ, చివరికి మూత పెట్టేసి ట్రాలీ రేకు మీద వేళ్లతో కొట్టుకున్నాడు. వాడు నవ్వడం నేను చూడటం అదే మొదలు. బిస్కెట్ పొట్లం మాట అప్పటికి అర్థమైందేమో.

భోజన వసతి కలదని చెప్పాం కాబట్టి పెట్టాలి. మేం తెచ్చిన పులిహోర ఖమ్మం లెక్క ప్రకారం వండింది, సగం మందికే సరిపోయింది. స్కూలు వంటగదిలో పొయ్యి వెలిగించి తాత కుక్కరు ఎక్కించాడు. అది చూసి ఇంకొందరు మూటల్లోంచి బియ్యం, పప్పు తీశారు. వరదకని తెచ్చుకున్నవన్నీ పాటకు ఖర్చయిపోయాయి. తినేటప్పుడు నా పక్కన కూర్చున్న బురద కాళ్ల ఆమె, "వచ్చే ఏడు కూడ పెట్టుర్రి. గని ఈ సారుతోని మాత్రం చెప్పియ్యొద్దు" అంది, నేను అక్కడ లేనట్టే. కండక్టరు తల ఊపింది. నేనూ ఊపాను. ఆ ఊళ్లకు చేరే ప్రతి మాటా ఇప్పుడు కండక్టరే చెబుతోంది, గోదావరి మాటతో సహా. వాళ్ల భాషలో, మొదట తన పేరు చెప్పుకొని మొదలుపెడుతుంది.

చీకటి పడకముందే మూటలన్నీ మళ్లీ ఇళ్లకు చేరాలి. ఆ పని నేను చేస్తానన్నాను. ట్రాలీ ఆటో నాలుగు ఊళ్ల మధ్య అటూ ఇటూ తిరిగింది. చివరి విడతలో కుక్కరు తాత, రిమోటు అక్క, కుట్టుమిషను తల, అత్త ఎక్కారు. మా ఖమ్మం ట్రాలీ డ్రైవరు ప్రకటనల అలవాటుతో మైకు స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"మైకు ముట్టకు" అన్నాడు తాత.

ట్రాలీ గుంతల్లో పడుతూ లేస్తూ పోతోంది. కుట్టుమిషను ఎగిరినప్పుడల్లా రిమోటు అక్క దాన్ని ఒడిసిపట్టుకుంటోంది. అంతలో వెనక నుంచి అత్త, తనలో తాను అనుకుంటున్నట్టు, మూటల ఏమున్నదని ఎత్తింది. తెలుగులోనే ఎత్తింది. ఎవరి కోసమో నాకు అర్థమయ్యేసరికి గుంత దాటిపోయింది. తాత నన్ను మోచేత్తో పొడిచాడు. ఎప్పుడూ చదవడమే తప్ప పాడి ఎరగని ఆ గొంతుతో, మైకు లేకుండా, అందుకున్నాను. ఎవరూ మూట సర్దుకోలేదు.